ఎవరి తల మీద ఒట్టు

సుందర్ మొహం గుండ్రంగా మారిన కొత్తలో, తమిళనాడు ధర్మపురి దగ్గరి ఇండూరు జనం అదంతా సుఖమనే అనుకున్నారు. ఎండలో సెంట్రింగ్ పలకలు మోసి మోసి ఎండుపుల్లలా ఉండాల్సిన మనిషి, బుగ్గలు పొంగి, పొట్ట ముందుకొచ్చి, కూర్చుని తినే ఆసామిలా కనబడుతుంటే ఎవరైనా ఏమనుకుంటారు! "మొగుడికి బాగా పెడతా ఉండావే" అని ఆడవాళ్ళు జయప్రియను ఆటపట్టించేవారు. ఆమె నవ్వి ఊరుకునేది. ఆ ఇంట్లో వండేది రాగి సంగటి, ఉలవచారు. ఆ పొంగు తన వంటది కాదని ఆమెకు తెలుసు.

అది మాత్రలది. ఆరేళ్ళ కిందట సుందర్ పరంజా మీద నుంచి పడి నడుము పట్టేసినప్పుడు, పక్కనున్న పాపారపట్టిలో మందుల కొట్టువాడొకడు నాలుగు రంగుల మాత్రలు కాగితంలో చుట్టి చేతిలో పెట్టాడు. పేరూ ఊరూ లేని మాత్రలు. అందరూ దాన్ని 'సెట్టు' అంటారు. స్లాబు వేసే రోజు పొద్దున్నే టీతో పాటు ఒక సెట్టు వేసుకోని కూలివాడు ఆ చుట్టుపక్కల అరుదు. మిగతావాళ్ళు పని ఎక్కువున్న రోజు వేసుకునేవారు, సుందర్ రోజూ వేసుకున్నాడు. వేసుకున్న కాసేపటికి తనకొక నడుముందన్న సంగతే మరిచిపోయేవాడు. వేసుకోకపోతే మంచం దిగలేకపోయేవాడు. జయప్రియ కూడా ఇసుక, సిమెంటు మోసే మనిషే కాబట్టి నొప్పంటే ఏమిటో ఆమెకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. అందుకే చాలాకాలం చూసీ చూడనట్టు ఊరుకుంది.

పక్కింటి మాయాండి చనిపోయాక ఆమెకు కంటి మీద కునుకు లేకుండా పోయింది. మాయాండిదీ అదే కొట్టు, అవే సెట్లు. కిడ్నీలు చెడిపోయి, ధర్మపురికి వెళ్ళి మిషను మీద రక్తం శుభ్రం చేయించుకుని వచ్చేవాడు. చివరికి తమిళుల ఆడి నెలలో పోయాడు. అతని భార్య ధనం వాకిట్లో గోడకానుకుని కూర్చుని, వచ్చే పోయే వాళ్ళను చూస్తూ ఉండిపోయేది. జయప్రియ ఆ వాకిలి దాటినప్పుడల్లా ఆ గోడ పక్కన కూర్చున్నది తనేననిపించి గబగబా నడిచేది.

"మామా, సారాయి ఒక్క దినంలో విడిచినవాడివి. ఈ మాత్తిరలు దానికంటే పెద్దవా?" అని ఒకరోజు నిలదీసింది.

"నొప్పి ఎట్ల తట్టుకునేది జయా?"

"మాయాండి అన్న తట్టుకోలేకనే కదా మింగినాడు. ఏడుండాడు ఇప్పుడు? నన్ను ధనం అక్క మాదిరి గోడకి కూర్చోబెట్టాలని ఉందా నీకు?"

సుందర్ నడుము నిమురుకుంటూ కూర్చున్నాడు. మౌనంగా ఉన్నాడంటే సగం ఒప్పుకున్నట్టేనని ఇరవై ఏళ్ళుగా ఆమెకు తెలుసు. మిగతా సగం మునియప్పన్ చూసుకుంటాడనుకుంది.

ఆ పక్కల తాగుడు మాన్పించేది ఊరి బయట కత్తి పట్టుకుని, గుడ్లురిమి చూసే కాపలా దేవుడు మునియప్పనే. తాగుబోతును తీసుకెళ్ళి ఆయన ఎదుట నిలబెడితే, పూజారి పసుపు తాడు మంత్రించి కుడి మణికట్టుకు కడతాడు. దాన్ని కయిరు అంటారు. గడువొకటి పెట్టుకుని, ఇంట్లో ఒకరి తల మీద ఒట్టు వేయాలి. గడువులోగా చుక్క నోట్లో పడితే ఆ తల రాలిపోతుందని నమ్మకం. నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు గానీ, ఆ తాడుకు భయపడి మనుషులైనవాళ్ళు ఊరికి పదిమందైనా ఉంటారు.

వాళ్ళలో సుందర్ ఒకడు. పెళ్ళైన కొత్తలో అతను సారాయి తాగి రోడ్డు మీద పడి ఉండేవాడు. తల్లి నాగవేణమ్మ తన తల తనే చూపించి కయిరు కట్టించింది. కట్టించుకున్నాక అతను వణికాడు, అరిచాడు, తలుపు తన్నాడు. జయప్రియ బయట గొళ్ళెం పెట్టి, తలుపుకు వీపు ఆనించి కూర్చుంది. నాలుగో రోజున లోపల నుంచి "ఆకలైతా ఉంది" అని మామూలు గొంతు వినబడింది. ఆ గెలుపు ఆ ఇంటి ఆడవాళ్ళది. ఆ సంగతి చెప్పుకోవాలంటే జయప్రియకు ఇప్పటికీ మొహం వెలిగిపోతుంది.

తరువాత జరిగింది మాత్రం ఆమె ఎవరికీ చెప్పదు. గడువు తీరకముందే బంధువుల చావింట్లో ఎవరో బలవంతం చేస్తే సుందర్ ఒక్క గుక్క తాగాడు. ఆ నెలలోనే నాగవేణమ్మ నిద్రలో పోయింది. డెబ్బై దాటిన మనిషి, ఏళ్ళ తరబడి ఉబ్బసం. రేపో మాపో అన్నట్టే ఉండేది. కానీ ఆ లెక్క సుందర్‌కు ఎవరు చెప్పగలరు! తల్లిని తానే చంపానని శవం కాళ్ళ మీద పడి ఏడ్చాడు. ఆ రోజు నుంచి సారాయి వాసన వస్తే వీధి మారి పోయేవాడు.

ఇప్పుడు మళ్ళీ అదే గుడి, అదే పూజారి రాజమాణిక్కం. తాగుడుకు కాదు, మాత్రలకు కయిరు కావాలంటే ఆయన కాసేపు ఆలోచించి, మింగినా తాగినా గొంతులోకి పోయేదే కదా అని తేల్చేశాడు. ఏడాది గడువు పెట్టి, తాడు మణికట్టుకు చుట్టి, ముడి వేసే ముందు ఎవరి తల మీద అని అడిగాడు.

సుందర్ తల వంచుకుని నిలబడ్డాడు. జయప్రియే బదులు చెప్పింది. "సరణ్య మీద. మా బిడ్డ."

సుందర్ ఉలిక్కిపడి చూశాడు. సరణ్య వాళ్ళ ఒక్కగానొక్క కూతురు. హోసూరులో ఒక కంపెనీలో పని చేస్తూ హాస్టల్లో ఉంటుంది. ఆ తల తప్ప ఇంకే తల మీద వేయించినా ముడి నిలబడదని జయప్రియ లెక్క. తనకంటే తెలివిగా ఎవరూ ఆలోచించలేరన్నట్టు, ఆ ముడిని ఇంకాస్త బిగించమని పూజారికి చెప్పింది కూడా.

మాత్రలన్నీ ఆమె గుడి వెనక కాలువలో పారేసింది. మర్నాటి నుంచి సుందర్ మంచం పట్టాడు. ఒళ్ళంతా నొప్పులు, అన్నం సయించదు, లేచి నిలబడితే కళ్ళు తిరుగుడు, తిన్నది కాస్తా వాంతి. జయప్రియ బెదరలేదు. ఇదంతా ఆమె ఒకసారి చూసిన ఆటే. పైగా అప్పటితో పోలిస్తే ఈసారి చాలా నయం. అరుపుల్లేవు, తిట్లు లేవు, తలుపు తన్నడం లేదు. గోడ వైపు తిరిగి పడుకుని, ఏదైనా అడిగితే సన్నగా ఊ అనేవాడు. వయసొచ్చి బుద్ధిమంతుడయ్యాడని ఆమె మనసులోనే మురిసింది. మనిషి నెమ్మదిగా ఆరిపోతుంటే నెమ్మదస్తుడయ్యాడనుకుంది, పిచ్చిది!

ఒకసారి అతనే చెప్పబోయాడు.

"జయా, ఇది సారాయి మాదిరి కాదు. అప్పుడు లోపల ఏదో ఎగిరెగిరి పడతా ఉండె. ఇప్పుడు ఏమీ లేదు. చెయ్యి ఎత్తేదానికి కూడా లోపల ఏమీ లేదు."

"అప్పుడూ ఇట్లనే చచ్చిపోతానని చెప్పినావు. చచ్చినావా? ఇంక రెండు దినాలు తట్టుకో మామా."

"ఆస్పత్తిరికి పోదామా?"

"ఆడికి పోతే మళ్ళా మాత్తిరలే ఇస్తారు. బిడ్డ మీద సత్తియం చేసినావు, మరిచిపోయినావా?"

బిడ్డ పేరెత్తగానే అతను కళ్ళు మూసుకున్నాడు. ఆస్పత్రి ఊసు మళ్ళీ ఎత్తలేదు. కొట్టువైపు పాకుతూనైనా పోతాడేమోనని ఆమె పనికి వెళ్తూ బయట గొళ్ళెం పెట్టింది. అలవాటైన చెయ్యి కాబట్టి తడబడలేదు.

ఆ సాయంత్రం తిరిగొచ్చి గొళ్ళెం తీస్తే తలుపు తెరుచుకోలేదు. లోపల ఏదో అడ్డం ఉంది. భుజంతో తోసుకుని దూరి చూస్తే, అడ్డం ఉన్నది సుందరే. గడప దగ్గర బోర్లా పడి ఉన్నాడు. విరేచనమై పంచె తడిసిపోయింది. ఒళ్ళు చల్లటి చెమట. పిలిస్తే పలకలేదు, కళ్ళు మాత్రం సగం తెరిచి ఉన్నాయి. తలుపు దాకా వచ్చాడు, గొళ్ళెం ఉందని తెలిసి కూడా వచ్చాడు, అప్పుడు తను వీధి చివర ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతోంది. జయప్రియ అతని తలను ఒళ్ళోకి తీసుకుని కేకలు పెట్టింది. ధనమే గోడ దగ్గర నుంచి లేచి పరుగెత్తి ఆటో పిలుచుకొచ్చింది.

ధర్మపురి పెద్దాసుపత్రిలో డ్యూటీలో ఉన్న డాక్టరు సరణ్య కంటే నాలుగైదేళ్ళు పెద్దదేమో. రక్తపోటు చూసి గబగబా సెలైను ఎక్కించమని నర్సుకు చెప్పి, ఏ మాత్రలు వాడుతున్నాడని జయప్రియను తమిళంలో అడిగింది.

ఏ మాత్రా లేదు, అన్నీ విడిచిపెట్టేశాడు అని జయప్రియ చెప్పింది. ఆ కంగారులోనూ ఆ మాట కాస్త గర్వంగానే చెప్పింది. డాక్టరు అతని గుండ్రటి మొహం వైపు, ముట్టుకుంటేనే కమిలినట్టున్న ముంజేతుల వైపు, మణికట్టు మీది పసుపు తాడు వైపు చూసింది.

"విడిచిపెట్టాడంటున్నారు. ఏది విడిచిపెట్టాడు? ఎన్నాళ్ళు వాడాడు? ఎప్పుడు ఆపాడు?"

జయప్రియ అంతా చెప్పేసింది. వింటూనే డాక్టరు ఒక ఇంజెక్షను పేరు గట్టిగా చెప్పింది. నర్సు పరుగెత్తింది. ఆ తరువాత వరండాలో నిలబెట్టి, చిన్నపిల్లకు చెప్పినట్టు నిదానంగా చెప్పింది.

"ఆ పొట్లాల్లో నొప్పి మాత్రలతో పాటు స్టెరాయిడ్ కూడా ఉండి ఉంటుందమ్మా. అలాంటి సరుకును మామూలుగా మన ఒళ్ళే రోజూ తయారుచేసుకుంటుంది. బయట నుంచి ఏళ్ళ తరబడి వస్తుంటే ఒళ్ళు ఆ పని మానేస్తుంది. ఒక్కరోజులో ఆపేస్తే బయటిదీ లేదు, లోపలిదీ లేదు. ఇలా కూలిపోతారు."

"మానకూడదా అయితే?"

"మానాలి. మానాలనుకోవడం మంచిదే, మానిన తీరే తప్పు. మేమిచ్చే మాత్రను కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ నెలల మీద మానాలి. ఆలోగా ఒళ్ళు తన పని మళ్ళీ నేర్చుకుంటుంది. నడుముకు వ్యాయామం నేర్పించేవాళ్ళు ఇక్కడే ఉన్నారు. కానీ ఇంటికెళ్ళాక ఒక్కరోజు కూడా మీ అంతట మీరు ఆపకండి. వాంతైనా, జ్వరమొచ్చినా వెంటనే తీసుకురండి. మళ్ళీ ఇలా పడితే ఇక్కడిదాకా తేగలరో లేదో చెప్పలేను."

జయప్రియ బెంచీ మీద కూలబడింది. తాగుడు లెక్క తెలిసిన మనిషినని విర్రవీగింది. గొళ్ళెం పెట్టిన చేతిని చూసుకుంటే ఆమెకు అసహ్యం వేసింది.

పొద్దున్నకు సుందర్ కళ్ళు తెరిచాడు. మాట స్పష్టంగా వచ్చింది. హోసూరు నుంచి తొలి బస్సుకు వచ్చిన సరణ్య అతని పాదాల దగ్గర కూర్చుని ఉంది. కూతుర్ని చూడగానే అతను నవ్వాడు. నర్సు వచ్చి, ఇక నుంచి సూది కాకుండా మాత్ర ఇస్తామని చెప్పి, చిన్న తెల్లటి మాత్రను జయప్రియ చేతిలో పెట్టి టిఫిను తరువాత వేయమని వెళ్ళింది. సుందర్ నవ్వు ఆగిపోయింది.

"ఏంది అది?"

జయప్రియ చెప్పింది. డాక్టరు చెప్పినదంతా ఒక్క ముక్క పోకుండా చెప్పింది. అతను విన్నాడు, విని పళ్ళు బిగించాడు.

"సూది నాకు తెలీకుండా వేసినారు. అది నా తప్పు కాదు. తెలిసి మింగితే బిడ్డకు తగులుతుంది. నేను మింగను."

"మింగకపోతే చచ్చిపోతావని చెప్తా ఉండారు మామా!"

"చస్తే నేను చస్తాను. సంగట్లో కలిపి పెడదామని చూస్తావేమో, నీ సంగతి నాకు తెలుసు. నీ చేతి అన్నం కూడా ముట్టను."

సరణ్యకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "నాయనా, ఇదంతా మూఢనమ్మకం. డాక్టర్ సొల్రాంగ, చెప్తా ఉండారు కదా. నా తలకాయ కదా, నేనే చెప్తా ఉండాను. నాకేమీ కాదు, మింగు."

"మీ అవ్వ కూడా అట్లనే చెప్పింది కన్నా. నాకేమీ కాదులేరా అనే చెప్పింది."

ఆ తరువాత ఎవరెంత చెప్పినా అతను నోరు తెరవలేదు. నర్సు వచ్చి కసిరింది, డాక్టరు వచ్చి నచ్చజెప్పింది. అతను చేతులు జోడించి అందరికీ దండం పెట్టాడు గానీ పెదవులు విప్పలేదు. నీళ్ళు కూడా వద్దన్నాడు, నీళ్ళలో ఏం కలిపారో ఎవరికి తెలుసని. బలవంతంగా సూది వేయబోతే సెలైను గొట్టం పీకేసుకున్నాడు. దుప్పటి మీద నెత్తురు పడింది. ఇలాగైతే సాయంత్రానికి మళ్ళీ నిన్నటి స్థితికే వస్తాడని డాక్టరు జయప్రియతో అంది.

జయప్రియ వరండాలోకి వెళ్ళి పూజారికి ఫోన్ చేసింది. రాజమాణిక్కం అంతా విని, కట్టడం వరకే తన పనని, గడువులోగా విప్పడం ఎవరి చేతుల్లోనూ లేదని, తెలివిగా చూసి చేసుకోమని చెప్పి పెట్టేశాడు. మునియప్పన్ కోపం గురించి గంటసేపు చెప్పగలిగిన మనిషికి ఆయన దయ గురించి ఒక్క ముక్క చెప్పడానికి నోరు రాలేదు.

ఆమె ఫోన్ పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. సరణ్య పేరు చెప్పింది తను. ముడి బిగించమన్నది తను. సుందర్ కాలూ చెయ్యీ కట్టి, ఇప్పుడు ఈత కొట్టమంటోంది. అతని భయం ఎంత నిజమో ఈ ఆసుపత్రిలో తనొక్కదానికే తెలుసు, ఎందుకంటే ఆ భయంలో సగం తనలోనూ ఉంది. నాగవేణమ్మ చనిపోయిన రాత్రి తను కూడా ఆ గుక్క నుంచి రోజులు లెక్క కట్టుకుంది. ఆమె చాలాసేపు ఏవేవో మాటలు కూర్చుకుని లోపలికి వచ్చింది.

"మామా, పూసారిని అడిగినాను. కయిరు మార్చుకోవచ్చంట."

సుందర్ కళ్ళు తెరిచాడు.

"ఒప్పుకొని ఇంకొకరు తల చూపిస్తే సత్తియం ఆ తల మీదికి పోతుందంట. నీ చేతి కయిరు ఆ చేతికి కట్టి, తల మీద చెయ్యి పెట్టి చెప్తే సాలంట. బిడ్డను విడిచిపెడుతుందంట."

"నిజంగా చెప్పినాడా?"

"మునియప్పన్ మీద ఆన, చెప్పినాడు," అంది జయప్రియ. అబద్ధానికి దేవుణ్ణే సాక్షి తెచ్చినందుకు ఆమె నాలుక కూడా తడబడలేదు.

"ఎవురి తల?"

"నాది."

"అమ్మా, ఏంది నువ్వు కూడా!" అంటూ సరణ్య అడ్డం రాబోయింది. జయప్రియ ఆమెను చూపుతోనే ఆపేసింది. తరువాత భర్త వైపు తిరిగి, అతని మొహంలోకి చూస్తూ నిలబడింది.

సుందర్ కుడి చెయ్యి ముందుకు చాపాడు.

తాడు చెమటకు, నీళ్ళకు నాని బిగుసుకుపోయింది. వేళ్ళతో రాకపోతే ఆమె వంగి పళ్ళతో ముడి విప్పింది. విప్పిన తాడును తన మణికట్టుకు చుట్టుకుంటే, రెండో కొస అతనే పట్టుకుని లాగాడు. నిన్న చెయ్యి ఎత్తలేకపోయిన మనిషి, ఇప్పుడా చెయ్యి ఎత్తి ఆమె నడినెత్తి మీద పెట్టాడు. అరచెయ్యి బరువుగా, చల్లగా ఉంది.

"మునియప్పా, నా బిడ్డను విడిచిపెట్టు సామీ. ఇంక ఇది జయ మీద," అన్నాడు. ఒక్కో మాటా విడివిడిగా, దేవుడికి ఎక్కడా అనుమానం మిగలకుండా చెప్పాడు. చెప్పి నోరు తెరిచాడు.

జయప్రియ మాత్రను అతని నాలుక మీద పెట్టింది. గ్లాసు అందిస్తే అడుగుదాకా తాగాడు. సరణ్య మొహం కప్పుకుని వరండాలోకి వెళ్ళిపోయింది. నర్సు వచ్చి చూసి, ఇంత చిన్నదానికి ఇంత గొడవ చేశారని నవ్వి, రోజూ ఇదే వేళకు తప్పకుండా వేయాలని చెప్పి పోయింది. రోజూ వేయాలి. తగ్గించుకుంటూ, తగ్గించుకుంటూ నెలల తరబడి ప్రతి పొద్దునా ఇలాగే వేయాలి.

"జయా, ఆకలైతా ఉంది," అన్నాడు సుందర్. మొహంలో బరువు దిగిన తేలిక కనబడుతోంది. "ఇడ్లీ ఏమన్నా దొరుకుతుందా కింద?"

ఆమె కోరుకున్నదే జరిగింది. మొగుడు బతికాడు. ఇంకెవరైనా ఈ ఉపాయం చెబితే ఆమె వాళ్ళ కాళ్ళకు మొక్కి ఉండేది. అయినా ఆమె చూపు తన మణికట్టు మీది తడి తాడు మీదే ఉంది. కూతురి కోసం చావడానికి సిద్ధపడ్డవాడు, భార్య తల పేరు వినగానే రెండో మాట లేకుండా చెయ్యి చాపాడు. ఒక్కసారి, మాట వరసకైనా, వద్దు జయా అంటాడనుకుంది. అంటే ఏం చెప్పి ఒప్పించాలి, ఎలా బతిమాలాలి, ఏ మాట తరువాత ఏ మాట అనాలి అని వరండాలో అంతసేపు నిలబడి అన్నీ కూర్చుకుని వచ్చింది. వాటిలో ఒక్కటీ చెప్పాల్సిన పని పడలేదు.

రెండు సాలునా, మూడు తెచ్చేదా అని అడిగి, టిఫిను డబ్బా తీసుకుని ఆమె కిందికి దిగింది.